గుండీ పెట్టుకునే హీరో

లక్ష్మీరాజం చెవుల్లో దూది, కనుబొమల మీద నూలు దుమ్ము. సిరిసిల్ల షెడ్డులో సాంచెల, అంటే మరమగ్గాల, మోతకు మాట వినపడదు, అందరివీ సైగలే. ఎదుటి సాంచె నడిపేది ఖాసిం. ఇద్దరికీ ఒకటే గూఢచారి సినిమాల పిచ్చి. ఏళ్ల తరబడి ఆ సినిమాలు వస్తూనే ఉన్నాయి, హీరోలు మారుతూనే ఉన్నారు. లక్ష్మీరాజానికి మొదటి హీరో ఇష్టం. ఆ హీరో టోపీ సర్దుకున్నట్టు నుదుటికి వేలు ఆనించేవాడు; లక్ష్మీరాజం సైగ కూడా అదే. ఖాసిం మూడో హీరో మనిషి. “మావోడు శత్రువును చంపినంక కోటు గుండీ పెట్టుకుంటడు. మీవోనికి టోపీ సర్దుకునుడే సరిపాయె,” అనేవాడు చాయ్ దగ్గర. షెడ్డులో ఆ మాటకు బదులు గుండీ పెట్టుకున్నట్టు ఛాతీ మీద చెయ్యి వేసేవాడు. తెగిన దారం ముడేస్తూ కూడా ఇద్దరూ వాదన ఆపేవారు కాదు.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఖాసిం ఛాతీ మీద చెయ్యి వేశాడు. లక్ష్మీరాజం నవ్వి, తల అడ్డంగా ఊపి, నుదుటికి వేలు ఆనించాడు. ఖాసిం చెయ్యి తియ్యలేదు. లక్ష్మీరాజం మళ్ళీ టోపీ సర్దుకున్న సైగ చేశాడు. ఖాసిం సాంచె మీదికి ఒరిగిపోయాడు, ఇక లేవలేదు.

ఇప్పుడు ఆ సాంచె హరీష్ అనే కుర్రాడు నడుపుతున్నాడు. చాయ్ దగ్గర అడిగాడు: “కాకా, గా గూఢచారి హీరోలల్ల ఎవ్వలు గొప్ప?”

అలవాటుగా నుదుటి వైపు లేచిన వేలిని మధ్యలోనే దించి, “ఖాసిం చెప్పినోడే,” అన్నాడు లక్ష్మీరాజం.