కార్డు మధ్యలో నల్లగీత

పోయిన వారం మాదాపూర్‌లోని మా ఆఫీసు క్యాంటీన్‌లో, పక్క సీటు సహోద్యోగి ఎంతో ఇష్టపడి తెప్పించుకున్న క్రికెట్ కార్డును ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి, "అన్నా, అసలుదేనా జర చూడు" అని నా చేతిలో పెట్టాడు. వెనక ఫోన్ టార్చి పెడితే వెలుతురు ఇవతలికి వచ్చేసింది, భూతద్దంలో అక్షరాల అంచులు చెదిరి కనిపించాయి. నకిలీ అని చెప్పాను. "నువ్వు చెప్పినంక ఇగ అప్పీలేముంటదన్నా" అని నవ్వాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు.

మన ఈడు వాళ్లకు ఆ పిచ్చి గుర్తుండే ఉంటుంది. లింగంపల్లిలో ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో కుస్తీవీరుల కార్డులు లేని జేబు ఉండేది కాదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే మెట్ల కింద చేరి, ఎత్తు, బరువు, గెలిచిన పోటీలు చదువుకుంటూ ఒకరి కార్డులు ఒకరం గెలుచుకునేవాళ్లం. నకిలీ కార్డు ఆటలో పెట్టినవాణ్ణి దొంగ అని వెలివేయడం మా కట్టుబాటు. తీర్పు చెప్పేది నేను, ఎందుకంటే నోటుబుక్కు చివరి పేజీలో పరీక్షలను నంబర్లు వేసి రాసుకున్నది నేనొక్కణ్ణే. రంగు, మందం, అంచు చూడాలి. అప్పటికీ తేలకపోతే మూల చించి లోపల చూడాలి. మా చెల్లెలు చించిన నా కార్డుల లోపల తెల్లగా ఉండేది గనుక, తెలుపే అసలుకు గుర్తని రాసుకున్నాను.

ఒకరోజు నా బెంచీ మిత్రుడు, వాళ్ల మామ బొంబాయి నుంచి తెచ్చిన కార్డును ఆటలో పెట్టాడు. దాని రంగు మా అందరి కార్డులకంటే ముదురుగా ఉంది. "చింపకురా, గదొక్కటే ఉంది నాకు" అని వాడు బతిమాలుతున్నా మూల చించాను. మధ్యలో సన్నటి నల్లగీత. రెండు కాగితాలను నల్ల జిగురుతో అంటించారు, ఇది దొంగది అని గదిలోకి వెళ్లి క్లాసంతటి ముందు ప్రకటించాను. "నేను దొంగోన్నా రా?" అని ఒక్కసారే అడిగాడు. ఆ తర్వాత మెట్ల కిందికి రాలేదు, నా బెంచీలోనూ కూర్చోలేదు.

వెలుతురు దూరకుండా మంచి కార్డుల అట్ట మధ్యలో నల్ల పొర వేస్తారని ఇంజనీరింగ్‌లో ఉండగా ఎక్కడో చదివి, నా పాత కార్డుల డబ్బా తీసి చూసుకుంటే అందులోవన్నీ నకిలీవే. వాడి కార్డు అసలుదనడానికి ఉన్న రుజువును నా చేత్తోనే బయటికి తీసి, దాన్నే నేరంగా చదివాను. కొలబద్దే తప్పయినప్పుడు ఎంత జాగ్రత్తగా కొలిస్తే ఏం లాభం?

మొన్న ఆదివారం ఇక ఆగలేక, బాచుపల్లిలో వాడు పెట్టుకున్న టైర్ల కొట్టుకు వెళ్లి అంతా చెప్పాను. చక్రం బోల్టులు బిగిస్తూ విని, చేతులు తుడుచుకున్నాడు.

"నాకు చెప్తె ఏమొస్తది రా? నా కార్డు అసలుదని నాకు అప్పుడే తెలుసు. క్లాసు ముంగట అన్నవ్ గదా, ఆ క్లాసు యాడుంది ఇప్పుడు?" అని చాయ్ తెప్పించాడు.

ఇంటికి రాగానే స్కూలు వాట్సాప్ గ్రూపులో, నాదే తప్పని, వాడు ఏ మోసమూ చేయలేదని వివరంగా రాశాను. ఇద్దరు బొటనవేలి బొమ్మలు పెట్టారు. ఒకడు "ఏ కార్డుల్రా?" అన్నాడు. ఇంకొకడు ఆ వెంటనే ఫ్లాటు అమ్మకం ప్రకటన పంపాడు. ఆ రోజుల్లో ఒక్క గదిలో ఒక్కడు ఒక్క మాట అంటే అందరికీ వినిపించేది, అందరూ నమ్మేవాళ్లు. ఇప్పుడు అందరం ఒక్క ఫోన్‌లోనే ఉన్నాం, వాడు దొంగ కాడన్న మాట మాత్రం ఎవరికీ వినిపించలేదు.