వాకబక్క గీయించిన దారులు

ఆవిడ అసలు పేరు జీతం పట్టీలో ఉండేది. మిగతా చోట్లంతా వాకబక్కే. మత్తు మాన్పించే మా క్లినిక్‌లో ఐదేళ్ళ పరిశోధన నడిచినన్నాళ్ళూ, రాకుండా పోయినవాళ్ళ గురించి వాకబు చేసి పట్టుకోవడం ఆవిడ పని. పక్క బల్ల దగ్గర కూర్చుని అందరి ఫారాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఇన్నేళ్ళలో చాలా పుస్తకాలు చదివాను గాని, ఆవిడ ఒక మనిషిని చదివినంత ఓపిగ్గా నేను ఏ పుస్తకాన్నీ చదవలేదు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు నొప్పి మాత్రలతో మొదలై మత్తు పొడి పీల్చడం, సూది గుచ్చుకోవడం దాకా వెళ్ళినవాళ్ళు. మత్తు కోసం పడే ఆరాటం అణగడానికి రోజూ కిటికీ దగ్గర నర్సు ఎదుటే చిన్న గ్లాసుతో మెథడోన్ సిరప్ తాగాలి. వరసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు సాయంత్రం ఫారంలో "మానేశాడు" అని రాసెయ్యాలి. ఆ మాట పడిందంటే పేరు కొట్టేసి, అతని చోటు ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు. మళ్ళీ చేరాలంటే నెలలు పట్టేది.

చేరిన మొదటి రోజే వాకబక్క ఫారం తిప్పి, వెనకవైపు దారి గీయమనేది.

"అడ్రసు ఉందిగా అక్కా?"

"అది నీ ఇంటిది. నాకు నీది కావాలి. టీ ఎక్కడ తాగుతావు, గడ్డం ఎక్కడ గీయించుకుంటావు, అలిగితే ఎవరింట్లో పడుకుంటావు, అన్నీ గీయి."

పెద్ద డాక్టరుగారు "ఇది పరిశోధనా, బొమ్మల పోటీనా అమ్మా?" అని చురక వేసేవారు. ఆవిడా నవ్వేది. గీయించడం మాత్రం మానలేదు. మొదటి ఏడాది తనే ఒకమ్మాయికి కుర్చీలోంచి లేవకుండానే "మానేసింది" అని రాసిందట. ఆ అమ్మాయి అప్పటికి కాన్పు వార్డులో ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడు ఆవిడ నవ్వలేదు.

ఒకసారి ఏడాదిన్నరగా ఒక్క పూటా తప్పని వెల్డర్ ఒకతను మూడు రోజులు రాలేదు. ఫోను పలకలేదు. నాలుగో రోజు పొద్దున్నే డాక్టరుగారు, "మళ్ళీ మొదలెట్టి ఉంటాడు. రాసెయ్యండి," అన్నారు.

"సాయంత్రం దాకా టైముంది కదండీ," అని ఆవిడ అతని ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది.

గదికి తాళం. టీ కొట్టువాడికి తెలీదు. సెలూన్ అతను కత్తెర ఆపకుండానే, "వాడా? పరంజా మీంచి పడ్డాడుగా! కాలు విరిగింది, పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మీరు వాళ్ళ అత్తగారా?" అన్నాడు.

"అంత ముసలిదానిలా ఉన్నానా? అక్కని!" అని ఆవిడ బస్సెక్కింది.

తర్వాతిది ఆవిడ చెప్పగా విన్నదే. ఎముకల వార్డులో అతను కాలికి బరువు కట్టించుకుని, చెమటలు కక్కుతూ వణుకుతున్నాడు. నొప్పి ఇంజక్షను వద్దన్నాడట. సిరప్ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే మత్తుగాడని చులకన చేస్తారక్కా. ఇంజక్షను పడితే మళ్ళీ పాత గోతిలో పడతానని భయం. ఇంక ఓపిక లేదు. ఇవాళ ఎవడితోనైనా కాస్త పొడి తెప్పించుకుందామనుకుంటున్నా. నీ దగ్గర అబద్ధమెందుకు?"

"కాలికి అంత బరువు కట్టినా నీ బుర్ర పరిగెడుతూనే ఉందన్నమాట!" అని ఆవిడ అతని నుదురు తుడిచింది. "నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"నువ్వే చెప్పక్కా," అన్నాడు.

వార్డు డాక్టరమ్మ మా డాక్టరుగారికి ఫోను చేసింది. ఇన్ని రోజులు సిరప్ ఆగాక పాత మోతాదు ఒక్కసారిగా ఇస్తే ప్రమాదమని, బాగా తగ్గించి మొదలుపెట్టారు. నొప్పికి వేరే మందు చూశారు.

ఐదు గంటలకి ఆవిడ తిరిగొచ్చింది. "మానేశాడు" గడి ఖాళీగా వదిలేసి, పక్కన స్కేలు పెట్టి కొత్త గడి గీసింది: "ఎందుకు రాలేదు?" డాక్టరుగారు ఆ ఫారం చేతిలోకి తీసుకుని చదివారు. "పాతవాటికీ గీయండి," అన్నారు నాతో.

పాత ఫారాల వెనక దారులు పట్టుకుని ఆవిడ ఆ చలికాలమంతా తిరిగింది. మానేశారని మేం రాసిన అరవై ఒక్క మందిలో పందొమ్మిది మంది ఆసుపత్రుల్లోనో, జైల్లోనో, ఊరు మారి పనుల్లోనో దొరికారు. పరిశోధన ఫలితాలతోపాటు, ఎవరెందుకు రాలేదో చెప్పే ఆ పట్టికా అచ్చయింది. ఎక్కడా ఆవిడ పేరు లేదు. అడిగితే, "జీతం పట్టీలో ఉందిగా," అంది.

కాలు విరిగిన రెండు నెలలకి వెల్డర్ చంకకర్రలతో కిటికీ దగ్గరికొచ్చాడు. నర్సు గ్లాసు అందించేలోపే వాకబక్క కాగితంతో అడ్డంపడింది.

"ఇల్లు మారావటగా? ముందు దారి గీయి."

"కుంటివాణ్ణక్కా, కాస్త కూర్చోనివ్వు."

"గీసేది కాలితో కాదుగా!"