సున్నం పెట్టిన గుండు

మొన్న మనవరాలు ఆదోని కోట కొండ ఎక్కి వచ్చి ఫోనులో ఫోటోలు చూపించింది. ట్రెక్కింగంట. మేము కొండెక్కడం అనేవాళ్లం. ఒక ఫోటోలో దారి మీదికి వంగిన పెద్ద గుండు, దాని ముందొక బోర్డు: ‘రాళ్లపై పసుపు, కుంకుమ పూయరాదు.’ నాకు నవ్వు ఆగలేదు. ఆ గుండు ఈనాటికీ అక్కడ ఉందంటే అది మా అత్తగారి పసుపు పుణ్యమే.

పంతొమ్మిది వందల యాభైలలో నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కోడలిగా వచ్చాను. అత్తగారి వాళ్లది పత్తి వ్యాపారం. ఇంటినిండా పత్తి పీచే, మజ్జిగలో కూడా తేలేది. ఆడవాళ్లు గడప దాటాలంటే దేవుడి పేరు చెప్పాల్సిందే. అందుకే అత్తగారికి శనివారమంటే ప్రాణం. ఆ రోజు కొండమీది ఆంజనేయుడి పేరు చెప్పి ఇద్దరం పాత కోటదారి పట్టేవాళ్లం. ఏ కాలపు సిపాయిలు ఎక్కి దిగారో, మెట్లు అరిగి నున్నగా ఉండేవి. ఆవిడ మెట్టు మెట్టుకూ ఆగి పసుపు రాసేది. అందులో భక్తి ఎంతో, ఆయాసం ఎంతో నేనెప్పుడూ అడగలేదు. సగం దారిలో ఈ గుండు నీడన చతికిలబడి, వక్కాకు నములుతూ, కింద మిల్లుల పొగ చూస్తూ, మామగారి మీద దాచుకున్న మాటలన్నీ అక్కడ కక్కేసేది. ఇంట్లో ఆవిడకు అంత గొంతుందని ఎవరికీ తెలియదు.

ఒక శనివారం వెళ్లేసరికి గుండు నడుమ తెల్లటి సున్నం గీత. రోడ్డు కంకరకు కొట్టబోయే రాళ్లకు అలా గుర్తు పెట్టేవాళ్లు. మేస్త్రీ, కూలీలు సమ్మెటలతో సిద్ధంగా ఉన్నారు.

“అప్పా, దీన్ని కొడితే దారి పూడిపోతాది. మేం యాడికి పోవల్ల?” అంది అత్తగారు.

“నేనేం సేసేదమ్మా? సున్నం పెట్టిందంతా కొట్టమని కంట్రాక్టరు సెప్పినాడు,” అన్నాడు మేస్త్రీ.

ఆ దారి పోతే ఆవిడకు మిగిలేవి నాలుగు గోడలే. నాకూ అంతే. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం “మ్మే, పసుపు తీయి,” అని, చెంబులో నీళ్లతో కలిపి, గీత కనబడకుండా చేద్దామని అరచేత్తో బరబరా రుద్దేసింది. పసుపూ సున్నం కలిస్తే ఏమవుతుందో ఎన్ని పెళ్లిళ్లలోనో ఎర్రనీళ్లు కలిపిన మనిషికి తెలియనిది కాదు, కంగారులో మరిచిపోయింది. గీత పోలేదు సరికదా, గుండు నడుమంతా ఎర్రగా తేలింది.

కూలీలు సమ్మెటలు దించేశారు. మేస్త్రీ చెప్పులు విడిచాడు.

అబద్ధం ఆడటం చేతకాని మా అత్తగారు, “పసుపూ సున్నమేలేప్పా,” అనేసింది. నేను ఆవిడ కొంగు పట్టి లాగాను.

“నాకు తెల్దా అమ్మా? మా ఇంట్లోనూ పెండ్లిండ్లయినాయి. తెలిసినా, ఎర్రగైన రాయి మీదికి సెయ్యెట్ల లేస్తాది? పక్క బండ సూసుకుంటాం లే,” అని సామాన్లు ఎత్తించుకుని పోయాడు. మేం మళ్లీ నీడన కూర్చున్నాం. ఆ రోజు మామగారి ప్రస్తావన రాలేదు.

బోర్డు రాసినవాళ్లను తప్పుపట్టను. వాళ్ల తాపత్రయమూ ఆ కొండ కోసమే. ఇదంతా చెబితే మనవరాలు, “అయితే నువ్వూ రా అవ్వా,” అంది. నా మోకాళ్లు ఒప్పుకోవు. ఏ దేవుడి పేరూ చెప్పకుండా కొండెక్కి వచ్చిన ఈ పిల్లను చూసి ఉంటే అత్తగారు ముందు ఎర్రనీళ్లతో దిష్టి తీసేది. కాలం ఎంత మారినా, ఆ ఎర్రనీళ్లకు పసుపూ సున్నమే కదా కావాలి.