కృష్ణ నడిమి గడ్డ మీద ఒక చెలిమె

మా బాపు ముప్పై ఏళ్లుగా బావులు తవ్వాడు. భువనగిరి చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని బావులు తక్కువ. పోయిన ఎండాకాలం చిట్యాల వైపు ఒక కొత్త బావిలో దరి కూలింది. దరి అంటే బావి పక్కగోడ. అడుగున తవ్వుతున్న సాయిలు నడుందాకా మట్టిలో కూరుకుపోయాడు. బాపే దిగి, చేతులతో మట్టి తోడి, ఆయన్ని పైకి తెచ్చాడు. సాయిలుకు కాలు విరిగింది, మళ్లీ అతుక్కుంది. ఇప్పుడు మేకలు మేపుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. నిక్షేపంగా లేనిది మా బాపే. ఆ రోజు తర్వాత ఆయన ఏ బావిలోకీ తొంగి చూడలేదు. ఇంట్లో నీళ్లు అమ్మ తోడుతుంది. గడ్డపార అటకెక్కింది. పనికి పిలవడానికి వచ్చినవాళ్లకు నడుం నొప్పి అని చెప్పి పంపేస్తాడు. ఆ నడుం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఎనిమిది నెలలు చూశాను. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను, ఊరుకోవడం నాకు చేతకాదు. మా బడిలో గద్వాల నుంచి వచ్చిన ఆవిడ ఒకరున్నారు. వాళ్ల ఊరికి దగ్గరలో కృష్ణ ఒడ్డునే ఒక ముసాఫిర్ బంగ్లా ఉందనీ, మెట్టు దిగితే ఇసుకేననీ, నది నడుమ మనుషులు కాపురముండే దీవులున్నాయనీ చెబుతుంటారు. అక్కడ దీవిని గడ్డ అంటారట. నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. బాపుకు దరి అంటే కదా భయం, దరి కనపడనంత నీళ్లు చూపిస్తే ఆ భయం సడలుతుందేమో. సెలవులు చూసుకుని, ఒంటరిగా పోవడానికి భయమేస్తోంది, తోడు రమ్మని ఆయన్ని అడిగాను. నాకు భయమంటే నమ్మేవాళ్లు మా వాడలో ఒక్కరు కూడా లేరు. బాపు మాత్రం సరేనని దుప్పటి మడత పెట్టుకున్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లు ముందురోజే సికింద్రాబాదు చేరుకోవడం మేలు. భువనగిరి నుంచి రైలుకు ముప్పావు రూపాయి అయింది. ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో పడుకుని, తెల్లవారకముందే రిక్షా మాట్లాడుకుని కాచిగూడ చేరాం. పొద్దున ఏడు దాటాక గద్వాల మీదుగా పోయే పాసింజరు బయలుదేరుతుంది. మూడో తరగతి టికెట్టు మనిషికి మూడు రూపాయల లోపే. చిన్న లైను బండి, తొందర దాని ఒంట్లో లేదు. జడ్చర్లలో పల్లీలు, మహబూబ్‌నగర్‌లో చాయ్ దొరుకుతాయి. కుడివైపు కిటికీ పట్టుకోండి, ఎండ తక్కువ తగులుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక, గద్వాల ఇక వస్తుందనగా, బండి కృష్ణ మీది వంతెన ఎక్కింది. నేను లేచి నిలబడ్డాను. మాఘం వెళ్లిన నది అది, వరద నది కాదు. అయినా బండలూ, ఇసుక మేటలూ, వాటి మధ్య పాయలు పాయలుగా పచ్చని నీళ్లూ కంటికి ఆనినంత దూరం పరుచుకుని ఉన్నాయి. మా వైపు కడివెడు నీళ్లకు కోసెడు దూరం నడిచే ఆడవాళ్లు గుర్తొచ్చారు. లోతు ఎంతని బాపు ఎదుటి ప్రయాణికుణ్ణి అడిగాడు. కొన్నిచోట్ల మోకాలు, కొన్నిచోట్ల ఏనుగు మునుగుతుందని ఆయన జవాబు. అట్లాంటి లెక్క బాపుకు నచ్చలేదు. ఆయన లెక్కంతా గజాల్లో ఉంటుంది.

స్టేషను దగ్గర జట్కా ఒకటిన్నర రూపాయికి ఒప్పుకుంది. బంగ్లాలో దిగడానికి తాలూకా కచేరీలో చీటీ రాయించుకోవాలి, సాయంత్రం నాలుగు లోపల వెళ్తేనే గుమాస్తా ఉంటాడు. బంగ్లా అద్దె రోజుకు రూపాయి. పాతకాలపు రాతి కట్టడం, ఎత్తైన కప్పు, చుట్టూ వరండా. ఆ వరండా మెట్లు నేరుగా ఇసుకలోకి దిగుతాయి. చెప్పులు విడిచి ఇసుకలో కాలు పెట్టినప్పుడు ఇంత సుఖం మన జిల్లాల్లో ఉందని ఇన్నాళ్లూ తెలియనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. జనం సముద్రాలకు పోతారు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

వంటా కాపలా రెండూ చూసేది లాలప్ప అనే పెద్దమనిషి. నయాపైసలు వచ్చి ఇన్నేళ్లయినా ఆయన ఇంకా అణాల్లోనే లెక్క చెబుతాడు. పూటకు మనిషికి పన్నెండణాలు. జొన్నరొట్టె, పుంటికూర, ఆ రోజు పట్టిన చేపల పులుసు. చింతపండు కొంచెం ఎక్కువైందని నేను అనబోయాను కానీ, అప్పటికే మూడో రొట్టె తింటున్నాను కాబట్టి ఊరుకున్నాను.

భోజనం సంగతి బాగుంది కానీ నా ఉపాయం మాత్రం బోల్తాకొట్టింది. పొద్దు గుంకేవేళ నది దాకా నడుద్దామంటే బాపు వరండా దాటలేదు. ఇసుక చివర నీళ్లు కోసిన చోట మూడడుగుల గట్టు నిలువుగా ఉంది. మేం చూస్తుండగానే అందులో ఒక పెళ్ల విరిగి నీళ్లలో పడింది. ఆయన కుర్చీని గోడకు జరుపుకున్నాడు. నదికి కూడా దరి ఉంటుందని నాకు తట్టనే లేదు. పిల్లలకు భూగోళం చెప్పే మనిషిని, ఈ సంగతి కూడా తెలియలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి లాలప్ప ఒక పుట్టిని మాట్లాడి పెట్టాడు. పుట్టి అంటే వెదురుతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు కుట్టిన పడవ. పెద్ద తట్టలో కూర్చున్నట్టే ఉంటుంది. గట్టు దగ్గరికి రానని బాపు మొరాయిస్తాడేమోనని, పుట్టిని పల్లం ఉన్న చోటికి తిప్పమని నేనే తిప్పన్నకు చెప్పాను. తిప్పన్న పుట్టి నడిపే మనిషి. పోనూ రానూ తలకు అర్ధరూపాయి. పుట్టి సూటిగా పోదు, తిరుగుతూ పోతుంది. ఒకసారి గద్వాల వైపు, ఒకసారి నది పైకి, ఒకసారి తిప్పన్న ముఖం చూస్తూ ఉంటాం. కడుపులో తిప్పేవాళ్లు దూరంగా ఒక బండను చూస్తూ కూర్చోండి.

నడి పాయలోకి వచ్చాక బాపు అంగీ జేబులోంచి ఒక గులకరాయి తీసి నీళ్లలో వేశాడు. చెవి ఒగ్గి కూర్చున్నాడు. బావిలో రాయి వేసి చప్పుడును బట్టి లోతు చెప్పడం ఆయన పాత అలవాటు. నదిలో అది బుడుంగుమని ఊరుకుంది. తిప్పన్నకు నవ్వాగలేదు.

"గది బాయి కాదు పెద్దయ్యా. రాయేస్తె అడుగుకు పోయి జవాబు చెప్పదు."

బాపు కూడా నవ్వాడు. ఎనిమిది నెలల్లో ఆయన జేబులోంచి గులకరాయి రావడం అదే మొదలు. నేను ఏమీ ఎరగనట్టు దూరంగా ఉన్న బండను చూస్తూ కూర్చున్నాను.

గడ్డ మీద ముప్పై ఇళ్లు ఉంటాయేమో. జొన్నచేలు, గొర్రెల మందలు, అంచుల వెంట ఇసుకలో తర్బూజ పాదులు. పడమటి కొసన నీళ్లు నునుపు చేసిన బండలున్నాయి, వాటి మీద కూర్చుంటే నీటికుక్కలు చేపల కోసం మునుగుతూ తేలుతూ కనిపిస్తాయి. నేను అయిదింటిని లెక్కపెట్టాను, బాపు రెండే అన్నాడు. ఒక తర్బూజ పావలా పెట్టి కొని, బండకేసి కొట్టి తిన్నాం. వెళ్లినవాళ్లు ఆ బండల దగ్గర ఒక గంటైనా ఉండకుండా వెనక్కి రావద్దు.

ఎండ పెరిగాక మంచినీళ్లు కావాల్సి వచ్చింది. నది నీళ్లు తాగబోతే, మందంతా అందులోనే దిగుతుందని చెప్పి, గొర్రెలు కాసే ఈరమ్మ అనే ఆమె తన చెలిమె దగ్గరికి తీసుకుపోయింది. అరవై దగ్గర వయసు, నడక మాత్రం నాకంటే చురుకు. నీటికి పది గజాల ఇవతల ఇసుకలో ఒక గుంట, అదే చెలిమె. ఇసుకలోంచి ఊరిన నీళ్లు తేటగా ఉంటాయి. చుట్టూ నది పెట్టుకుని నీళ్ల కోసం తవ్వుకుంటున్నారే అని నేను నవ్వబోయాను. ఈరమ్మ అందులోకి దిగి సొరబుర్రతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. రెండు బుర్రలు తోడిందో లేదో, పక్క ఇసుక జారి ఆమె కాళ్ల మీద పడింది.

బాపు మూడడుగులు వెనక్కి వేశాడు. "దరి కూలుతున్నది, ఇవతలికి రా చెల్లె" అని గట్టిగా అన్నాడు. చిట్యాల బావి దగ్గర కూడా ఆ మాటే అని ఉంటాడు.

ఈరమ్మ తలెత్తి చూసింది. గుంట ఆమె మోకాళ్ల దాకా కూడా లేదు. ఈ పెద్దమనిషికి ఏమైందో ఆమెకు అంతుబట్టలేదు.

"కూలకపోతె గది చెలిమె ఎట్లయితదన్నా? పొద్దున తోడుత, మాపటికి కూలుతది. తెల్లారి మల్ల తోడుత. మా అత్త గిట్లనే తోడింది."

"రోజు కూలుతదా?"

"రోజు కూలుతది."

"అయినా మల్ల దిగుతవా?"

"దిగకపోతె నీళ్లెవరిస్తరన్నా?"

ఆమె తోడుతూనే ఉంది. బాపు అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు. ఏదో ఒకటి చెప్పాలని నా నోరు దురద పెట్టింది కానీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. తర్వాత ఆయన ఒక పిడికెడు ఇసుక తీసుకుని పిసికి చూశాడు, వదిలాడు, మళ్లీ తీసుకున్నాడు. అప్పుడు ఈరమ్మను అడిగాడు, ఇంట్లో పగిలిన బాన ఏదైనా ఉందా, అడుగు లేకపోయినా పర్వాలేదని.

ఉంది. ఈరమ్మ, నేను కలిసి దొర్లించుకుంటూ తెచ్చాం. బాపు అంగీ విప్పి నా చేతికిచ్చాడు. మొదట ఇసుకను వాలుగా, వెడల్పుగా తోడాడు. అట్లయితే తొందరగా జారదట. అడుగు ఊడిన బానను నడుమ నిలబెట్టి, చుట్టూ గులకరాళ్లు పేర్చాడు. బాన లోపలి ఇసుక తోడుతున్న కొద్దీ అది కిందికి దిగుతుంది. గుంటలో ఆయన మోకాలు మునిగింది, తర్వాత తొడ. ఒక దగ్గర పక్క ఇసుక జారింది. ఆయన చెయ్యి ఆగింది. ఈరమ్మ జారిన ఇసుకను సొరబుర్రతో ఎత్తి బయట పోసింది. బాపు ఆమెను చూశాడు, మళ్లీ వంగాడు. ఆయన తల ఇసుక మట్టానికంటే కిందికి పోయింది. నేను ఆ అంగీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే తర్వాత దాని మడతలు పోలేదు.

గంటన్నర పట్టింది. బానలో నీళ్లు జానెడు ఎత్తున నిలిచాయి, అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా. తవ్వినవాడే ముందు తాగాలని ఈరమ్మ అంది. బాపు ఒప్పుకోలేదు. కొత్త బావి మొదటి చెంబు ఆ ఇంటి ఇల్లాలిదని ఆయన పట్టింపు. ఆమె తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, చల్లగా ఉన్నాయంది. పెద్దగా మెచ్చుకోలేదు కూడా. తరవాత సొరబుర్ర నాకందించింది. అంత తీపి నీళ్లు నేనింతవరకూ తాగలేదు. ఇది మా బాపు తవ్వాడని చెప్పడం కాదు, అది కూడా ఉందనుకోండి.

మూడింటికి పుట్టి ఎక్కాం. మర్నాడు పొద్దున గద్వాల కోట చూసి, మగ్గాల మీద చీరలు నేయడం చూసి, మధ్యాహ్నం బండికి స్టేషను చేరాం. కోట చూడడానికి ఒక గంట చాలు, మగ్గాల దగ్గర రెండు గంటలైనా చాలవు. చీర కొనలేదు, ధర అడిగి వచ్చాను. బండి కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు బాపు ఉన్నట్టుండి అడిగాడు.

"ఒక్కదానికి భయమన్నవు గదా బిడ్డా. తగ్గిందా?"

నేను సంచి తెరిచి టికెట్లు వెతకసాగాను. ఆయన నవ్వలేదు, పట్టాల వైపు చూస్తూ అన్నాడు, "నాకు గూడ జర తగ్గింది. అటక మీద గడ్డపార తుప్పు పట్టి ఉంటది. పోయినంక దించాలె."

పూర్తిగా పోయిందని ఆయన అనలేదు, నేనూ అనను. వచ్చిన మర్నాడు గడ్డపార దించి, కొలిమికి తీసుకుపోయి మొన సాగదీయించుకుని వచ్చాడు. దారిలో సాయిలు ఇంటి ముందు ఆగి చాలాసేపు కూర్చున్నాడట. ఇంటి బావిలో నీళ్లు మాత్రం ఇప్పటికీ ఒకరోజు తోడతాడు, ఒకరోజు తోడడు. తోడని రోజు అమ్మ ఏమీ అనదు, నేను కూడా అనను. ఈరమ్మను చూశాక ఆ పాటి ఓపిక నేర్చుకున్నాను. ఆ నదిని, ఆ బండల్ని, మెట్టు దిగితే ఇసుక తగిలే ఆ బంగ్లాను నా కళ్లతో చూసినందుకు నాకు ఎంతో తృప్తిగా ఉంది. మన ఎండిన జిల్లాల్లో ఇంత అందం ఉందంటే ఇంకా కొందరు నమ్మరు, వాళ్లను తప్పకుండా తీసుకుపోండి.

వెళ్లేవాళ్లకు ఒకే ఒక్క సలహా. గడ్డ మీదికి మంచినీళ్ల కూజా మోసుకుపోకండి. పుట్టి దిగి ఎడమవైపు ఇసుకలో నడిస్తే, చుట్టూ గులకరాళ్లు పేర్చిన బాన కనిపిస్తుంది. అది మా బాపు చెలిమె. పక్కనే సొరబుర్ర ఉంటుంది, పైనున్న రెండు బుర్రల నీళ్లు పారబోసి, కాసేపు ఆగి తాగండి. మీరు పోయేసరికి అది కూలిపోయి ఉంటే, భయపడకండి. దిగి తోడుకోండి.