పిన్నమ్మ పేరున చలివేంద్రం

పుంగనూరు పిన్నమ్మ ఒళ్లో ఎప్పుడూ ఇత్తడి చెంబుండేది. మాట్లాడుతూనే దాని మూతిని అరచేత్తో మూసేది, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఆమెది డయాబెటిస్ ఇన్‌సిపిడస్. షుగర్ కాదు, తాగిన నీళ్లు ఒంట్లో నిలవవు. "ముక్కులో మందు తప్పొద్దు, నీళ్లు అసలే ఆపొద్దు" అని మదనపల్లె డాక్టరు చెప్పాడు.

తొంభైల్లో ఒక ఎండాకాలం, ఆ మందు అయిపోయి ఉండగా, కుప్పంలో పెళ్లికి బయల్దేరారు. పిన్నమ్మ అత్తగారు చెంబు లాక్కుని ఇంట్లో పెట్టేసింది. "అడుగడుక్కీ బస్సు ఆపమంటే ఎవురాపుతారు? కుప్పం చేరేదాకా ఓర్సుకో!"

కుప్పంలో పిన్నమ్మను మోసుకుని దించారు. ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు.

మరుసటేటి నుంచి ఎండల్లో పిన్నమ్మ పేరున పుంగనూరు బస్టాండులో చలివేంద్రం. అత్తగారే కూర్చుని నీళ్లు పోస్తుంది. ఒకసారి నన్నూ పిలిచింది: "కడుపునిండా తాగప్పా, ఎండన పడి వస్తాండావు."

ఆమె చేతిలో ఉన్నది ఆ ఇత్తడి చెంబే.