మాట రాని తార

మొన్న ఆదివారం డెట్రాయిట్‌లోని ఒక పాత థియేటర్‌లో మూకీ సినిమా చూశాను. కళ్ళనిండా కాటుకతో ఒకామె తెరమీద చప్పుడు లేకుండా ఏడుస్తుంటే మా తాతమ్మ గుర్తొచ్చింది.

తాతమ్మ అంటే అమ్మమ్మ వాళ్ళ అమ్మ. పెళ్ళికి ముందు మద్రాసులో మూకీల్లో వేషాలు వేసిందట. మాటల సినిమాలు రాగానే ఆవిడని ఎవరూ పిలవలేదట. డెట్రాయిట్ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మమ్మే చెప్పింది. అప్పుడు నాకు ఏడేళ్ళు. మూకీ అంటే మూగ అనుకున్నాను. మాటలు రాకపోయినా స్టార్ అయిందని పొంగిపోయాను.

ఆ శనివారం మా బేస్‌మెంట్‌లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చారు. పులిహోర వడ్డిస్తున్న ఆంటీలకి గొప్పగా చెప్పాను.

"మా తాతమ్మ మూవీ స్టార్. బట్ ఆమెకి మాట్లాడ్డం రాదు."

ఒక ఆంటీ పక్కావిడని చూసి నవ్వింది. "ఆ రోజుల్లో సినిమాల్లోకి ఎలాంటివాళ్ళు వెళ్ళేవాళ్ళో తెలుసుగా."

అమ్మ ముఖం మాడిపోయింది. "దీనికి తెలుగు సరిగ్గా అర్థం కాదండీ. ఆవిడ మ్యూజిక్ టీచర్."

అమ్మమ్మ పళ్ళెంలోకి చూస్తూ, "అవును, సంగీతం చెప్పేది" అంది.

నా చెవులు వేడెక్కాయి. ఇంట్లో మూగవాళ్ళుంటే బయట చెప్పకూడదు కాబోలు అనుకున్నాను. మళ్ళీ ఆవిడ ఊసెత్తలేదు. ఆ సిగ్గు దేనికో తెలిసేసరికి అమ్మమ్మ లేదు.

థియేటర్ నుంచి వచ్చాక అమ్మకి ఫోన్ చేశాను.

"తాతమ్మ ఏ సినిమాల్లో వేసింది?"



"తెలీదురా. అమ్మమ్మ చెప్పబోతే నేనే ఆపేసేదాన్ని."