ఫాదర్ ముట్టని నీళ్లు

నిన్న మిర్చి బేరానికి చిట్యాల నుంచి ఒకాయన వచ్చాడు. కూర్చోగానే చెంబుతో నీళ్లిచ్చాను. గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. పోయిన నెల ఫాదర్‌ను మట్టి చేసినప్పటి నుంచి ఎవరు నీళ్లు తాగినా ఇలా చూస్తూ ఉండిపోతున్నాను. ఏడుపు మాత్రం రావడం లేదు.

ఫాదర్ అంటే మా దిక్కు ఆడపిల్లలకు బడి, హాస్టలు పెట్టిన తెల్లాయన. పడుచుతనంలో సముద్రాలు దాటి వచ్చి, ఇక్కడి ఎండకు కమిలి కమిలి, ముసలితనానికి మా తాతల రంగుకే దిగాడు. తెలుగు మా వీధుల్లోనే నేర్చాడు. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరుతో కూడా "ఏంది సారూ, జర ఆగుండ్రి" అంటే ఆ ఆఫీసరు నోరు తెరిచేవాడు.

మా ఇళ్లలో ఎవరొచ్చినా ముందు నీళ్లియ్యాలి. అవి ముట్టకుండా పోతే ఆ ఇంటితో పగ ఉన్నట్టే లెక్క. ఈ సంగతి ఆయనకెవరు చెప్పారో గానీ, మహా గడుసుగా వాడుకున్నాడు. ఎండాకాలంలో ఆయన సైకిలు వీధిలోకి వస్తే బడి మాన్పించిన తండ్రులు పొలాలకు జారుకునేవాళ్లు. మా బాపు జారుకోలేకపోయాడు. ఐదో తరగతి మధ్యలో నన్ను మాన్పించి మిర్చి ఏరడానికి పంపిన రోజుల్లో, ఒక పొద్దున ఫాదర్ వచ్చి, వీధంతా చూసేట్టు మా అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, నీళ్లు తెచ్చింది. ఆయన చెంబు పక్కన పెట్టాడు.

"పిల్ల బడికి పోతదా?"

"ముందుగాల నీళ్లు తాగుండ్రి ఫాదర్," అన్నాడు బాపు.

"పిల్ల బడికి పోతదా?"

ఇంకో మాట లేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. ఆయన పెదవులు పగిలాయి. దారిన పోయేవాళ్లు ఆగి ఆగి చూస్తున్నారు. అవ్వ గడపలో కూలబడి, "మన అరుగు మీద మనిషి పానం పోతే పాపం మనకే గద!" అని శోకం మొదలుపెట్టింది. బాపుకు పాపం కంటే పరువు భయమెక్కువ. "పోతది తియ్! ఇగ తాగు సామీ!" అని కేకేశాడు. ఫాదర్ చెంబు ఖాళీ చేసి, ఇంకో చెంబు అడిగాడు. అలా నేను చదువుకున్నాను, టీచరమ్మనయ్యాను, నిరుడు రిటైరయ్యాను.

పోయిన నెల జనగామ దవాఖానలో ఆయన మంచం పక్కన నిలబడితే, నర్సమ్మ నా చేతికి నీళ్ల గ్లాసు, చెంచా ఇచ్చింది.

"పొద్దటి సంది ముడ్తలేడు మేడం. మీరన్న చూడుండ్రి."

చెంచా పెట్టాను. నోరు బిగించి మొహం తిప్పుకున్నాడు. మళ్లీ పెట్టాను. కళ్లు తెరిచి నా నెరిసిన తలను చూశాడు. అవ్వననుకున్నాడేమో, మెల్లగా అడిగాడు.

"పిల్ల బడికి పోతదా?"

దుఃఖం రావాల్సిన చోట ఏమీ రాలేదు. అంతా మొద్దుబారిపోయింది.

"పోతది ఫాదర్," అన్నాను. "దినాం పోతది."

అప్పుడు నోరు తెరిచాడు.

నా ఉద్యోగం కూడా అయిపోయింది గానీ, మా అరుగు మీద ఆయనకు ఆనాటి పొద్దింకా గుంకలేదు.